గెడ్డ మలుపు మామిడి

పద్దెనిమిదేళ్లుగా నా నోట్లో ఒక పచ్చి మామిడికాయ ఉంది. మింగడానికి లేదు, ఉమ్మడానికి లేదు. దాన్ని అలాగే పెట్టుకుని తిన్నాను, తాగాను, పెళ్లి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఊళ్లో అందర్నీ నవ్వించాను. అంత కాయ నోట్లో ఉన్నవాడి మాట ముద్దముద్దగా రావాలి కదా. నాకేమో మా ఊళ్లో అందరికన్నా గట్టిగా, గడగడా వచ్చింది. చిక్కంతా అక్కడే.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. అరకు కొండల్లో ముప్పై గడపల ఊరు అనుకోండి, చాలు. మీరెప్పుడైనా ఇటువైపు వస్తే, ఘాట్ రోడ్డు మీద కార్లు ఆగే చోట, కాఫీ, బొంగులో చికెన్ అమ్మే బడ్డీల ముందు నిలబడి "రండి సార్, ఈ కోడి పుట్టినకాడ్నించి ఇంత మంచి ఇంట్లో పడుకోలేదు" అని పిలిచేవాడొకడు కనిపించి ఉంటాడు. వాడు నేను కావచ్చు. కాకపోవచ్చు. అలాంటివాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివాను. ఒకరోజు వార్డెను ఎలా నడుస్తారో నడిచి చూపిస్తుంటే పిల్లలు నవ్వడం ఆపేశారు. వెనక్కి తిరిగితే వార్డెనే. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "బాగా నడిచావు" అని వెళ్లిపోయారు. ఆ మొహం మళ్లీ చూడలేక మర్నాడు బడికి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. అలా అయిపోయింది నా చదువు. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఎదురుగా నిలబడి ఒక మాట ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు నేను ఏం చేస్తానో మీకు ముందే తెలిసి ఉండాలి.

మా అమ్మాయి నోటుపుస్తకంలో వెనక పేజీలు మిగిలితే వాటిలో రాస్తున్నాను. తప్పులుంటే అచ్చు వేసేవాళ్లు దిద్దుతారని విన్నాను. అక్షరాల తప్పులే సుమా.

రోడ్డు మీద నేను చికెన్ అమ్మేవాణ్ని. ఊళ్లో అలా కాదు. ఊళ్లో నా మీదికి దేవుడు వస్తాడు.

నవ్వకండి. అంటే, నవ్వండి, నాకూ అదే అలవాటు. కానీ చివరిదాకా చదివి నవ్వండి.

మా దగ్గర కొత్త అని ఒకటుంది. కొండ మీద, పోడులో, పెరట్లో కొత్తగా ఏది కాసినా ముందు దేవుడికి పెట్టి, పండగ చేసుకుని, ఆ తర్వాతే మనిషి నోట్లో పెట్టుకోవాలి. చిక్కుళ్లకి ఒక కొత్త, సామలకి ఒక కొత్త, మామిడికి ఒక కొత్త. మామిడి కొత్త చైత్రంలో ఇటుకల పండగతో పాటు వస్తుంది. అదే పండగకి ప్రతి ఇంటి నుంచీ విత్తనాలు తెచ్చి, దేవుడి రాళ్ల దగ్గర పెద్ద బుట్టలో పోసి కలుపుతారు. పూజయ్యాక తలా ఇంత పంచుతారు. నీ సామలూ నా సామలూ ఒకటైపోతాయి. ఎవరి గింజ ఎవరి చేలో మొలిచిందో ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా. ఆ పండగ దాకా మామిడిచెట్టు కింద కాయ రాలి కనిపించినా, తొక్కకుండా పక్కనుంచి నడుస్తాం.

అప్పుడు నాకు ఇరవై ఒకటో ఇరవై రెండో. పండగ ఇంకా పన్నెండు రోజులు ఉందనగా విస్తళ్లు కుట్టే అడ్డాకుల కోసం కొండెక్కాను. దిగి వచ్చేటప్పుడు గెడ్డ, అదే మా కొండవాగు, మలుపు తిరిగే చోట మామిడిచెట్టు ఉంది. కొమ్మ చేతికి అందుతుంది. రెండు కాయలు కోసుకుని, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని తిన్నాను.

నా జేబులో ఉప్పు ఉంది. కాగితం పొట్లం. ఇంటి నుంచే కట్టుకుని వెళ్లాను. ఏదో తెలియక తిన్నాను, ఆకలికి తిన్నాను అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ పొట్లం ఒప్పుకోదు. పొద్దున్నే కడుపునిండా అంబలి తాగి బయల్దేరాను. దేవుడు లేడని తేల్చుకుందామనా? అంత పెద్ద ఆలోచన నాకు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. మరెందుకు? ఈ ప్రశ్నని పద్దెనిమిదేళ్లు అటూ ఇటూ తిప్పి చూశాను, ఎటు తిప్పినా ఒకటే జవాబు వస్తోంది, అది ఎంత చిన్నదంటే రాయడానికి సిగ్గుగా ఉంది. పండగయ్యాక సంతలో నలుగురి మధ్య కూర్చుని "నాను ముందే తినీసినాన్రా, ఏటీ అవ్వనేదు" అని చెప్పి నవ్వించడానికి. అంతే. ఒక జోకు కోసం. తిన్నాక పళ్లు పులిశాయి. ఆకాశం వైపు చూసి కళ్లెగరేశాను కూడా, ఏం చేస్తావన్నట్టు.

నాలుగో రోజు సాయంత్రం పిడుగు పడింది. నా మీద కాదు. ఊరి చివర ఇప్పచెట్టు కింద కట్టేసిన దుక్కిటెడ్ల మీద. మూడు ఎడ్లు కట్టుతాళ్లతోనే ఒరిగిపోయాయి. అందులో రెండు ఒకే ఇంటి జోడు. నల్లబడ్డ చెట్టు చుట్టూ ఊరంతా నిలబడి ఉంటే పెద్దవాళ్ల నోట ఒకటే మాట. ఎవరో కొత్త తప్పారు.

నేను ఆ గుంపులోనే ఉన్నాను. నాలుక మీద ఇంకా పులుపు ఉన్నట్టే అనిపించింది.

అప్పట్లో మా ఊరికి ఒక గురుమాయి ఉండేది. దేవుడు మీదికి వచ్చి మాట్లాడే మనిషిని మేము గురుమాయి అంటాం. ముసలిది. చేటలో బియ్యం పోసుకుని, అరచేత్తో మెల్లగా రాస్తూ కళ్లు మూసుకుని కూర్చునేది. ఒక్కోసారి ఊగేది, మాట్లాడేది. చాలాసార్లు ఏమీ జరిగేది కాదు. చేట దులుపుకుని లేచి వెళ్లిపోయేది. ఆమెలా కూర్చుని, ఆమెలా ఊగి చూపించి ఊరిని ఎన్నిసార్లో నవ్వించాను. ఆమెని కూడా నవ్వించాను.

మర్నాడు అందరం దేవుడి రాళ్ల దగ్గర కూర్చున్నాం. గురుమాయి చాలాసేపు బియ్యం రాసింది. చివరికి కళ్లు తెరిచింది.

"ఆయన రానేదు. నానెరగను" అంది.

రెండో రోజు మళ్లీ కూర్చున్నాం. మళ్లీ అదే. నానెరగను. జోడు పోయిన రైతుకి ఒళ్లు మండింది.

"నువ్వే ఎరగనంటే ఎలాగే అప్పా? నీకు తెలకపోతే మరెవులికి తెలుస్తాది?"

"తెలకపోతే తెలదనే సెప్పాల" అంది ముసలిది. "తెలిసినట్టు సెప్పీడానికి నానెవుల్ని?"

అందరూ గొణుక్కోవడం మొదలుపెట్టారు. రెండ్రోజుల పని పోయింది, మూడు ఎడ్లు పోయాయి, దుక్కులు ముందున్నాయి. ఎరగను అనే మాట తీసుకుని ఇంటికి ఎలా వెళ్తారు? అప్పుడు వెనకనుంచి ఎవరో నన్ను చూపించి అన్నారు. "ఈడినడగండ్రా. సిగ్గూ బయం నేకుండా ఏదైనా తినీసీది ఊళ్లో ఈడొక్కడే."

అందరూ నవ్వారు. రోజూ అనే మాటే. రోజూ నేను దానికి ఇంకో మాట కలిపి, నవ్వుని రెట్టింపు చేసి తిరిగి ఇచ్చేవాణ్ని. ఆ రోజు నాకు మాట రాలేదు. నేను ఏమీ అనకపోయేసరికి నవ్వు నెమ్మదిగా ఆగిపోయింది. ఆగిపోయిన నవ్వు ఎంత భయంగా ఉంటుందో నవ్వించేవాడికే తెలుసు. ఒక్కొక్కరే తలలు నా వైపు తిప్పారు.

నా కాళ్లు వణికాయి. ఇది నటన కాదు. భయంతో నిజంగానే వణికాయి. ఆ వణుకు ఆపడం చేతకాలేదు, దాచడం చేతకాలేదు, చివరికి దాన్నే పెద్దది చేశాను. ఎప్పుడూ అంతే నేను. కాలు జారితే, అది డాన్సే అన్నట్టు ఇంకో రెండడుగులు వేస్తాను. మోకాళ్లు వణికితే నడుము ఊపాను, నడుము ఊగితే తల ఊపాను. జుట్టు మొహం మీద పడింది. ఎవరో "వొచ్చీసినాడు, వొచ్చీసినాడు" అన్నారు. నాలో ఉన్నవాడు ఎవరో నాకు బాగా తెలుసు. మామిడికాయ తిన్నవాడు.

గురుమాయి గొంతు నాకు కంఠతా వచ్చు. ఆ గొంతుతోనే అన్నాను.

"పడమటేపు. ఒంటి గడప. ఒంటి కుండ."

పేరు చెప్పలేదు. దేవుళ్లు పేర్లు చెప్పరు కదా. చెప్పాల్సిన అవసరమూ లేదు. పడమటి వైపు ఒంటరిగా ఉండి, తన ఒక్కదానికే వండుకునే మనిషి మా ఊళ్లో ఒక్కతే. సోంబారి. వరసకి నాకు అత్త. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ధింసా ఆడేటప్పుడు వరసకి మొదట నిలబడి మిగతావాళ్లని నడిపించేది. నా జోకులకి అందరికన్నా ముందు నవ్వేది, అందరికన్నా చివర ఆపేది.

ఆమెనే ఎందుకు చూపించాను? కోపమా, పగా? ఆమె మీద నాకు ఇష్టం తప్ప ఇంకేమీ లేదు. ఆ ఒక్క క్షణంలో, కళ్లు మూసుకుని ఊగుతూ, ఊరి గడపలన్నీ లెక్కపెట్టినట్టు ఒకదాని తర్వాత ఒకటి నా కళ్ల ముందు తిరిగాయి. ఈ ఇంట్లో అన్నదమ్ములున్నారు, కొడతారు. ఆ ఇంట్లో మామగారున్నాడు, ఊరుకోడు. తిరిగి తిరిగి ఆమె గడప దగ్గర ఆగాను. దేవుడికి ఏం తెలుసో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఎవరి వెనక ఎవరూ లేరో, అది.

సోంబారత్త లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆమె తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, వాటిని ఎవరో తెచ్చి తనకి తగిలించినట్టు.

"నాకు గురుతు నేదు" అంది. "కానీ ఆయన సెప్పినాడంటే తినే ఉంతాను. నాకేటి తెలుసు."

తప్పు కింద ఆమెకున్న ఒక్క మేకనీ ఇచ్చింది. ఊరంతా వండుకున్నాం. దేవుడు వచ్చి వెళ్లిన ఒళ్లు కదా అని నాకే ముందు వడ్డించారు. తిన్నాను. ఆ పండగకి సోంబారత్త విత్తనాలు బుట్టలో కలపకూడదని పెద్దవాళ్లు తేల్చారు. అది ఆ ఒక్క ఏడాదికే.

ఇంతవరకు చేసింది భయంతో చేశాను. దీన్ని మీరు క్షమించకపోయినా అర్థం చేసుకుంటారేమో. దీని తర్వాత చేసినదానికి భయం లేదు. అదే ఇప్పుడు చెప్పాలి. దాని దగ్గరికి వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టి రెండుసార్లు లేచి వెళ్లాను.

పండగ రేపనగా ఆమె మా ఇంటికి వచ్చింది. పొద్దుటి పూట. నేను అరుగు మీద కూర్చుని వెదురు చీలుస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. ఆమె అరుగు ఎక్కలేదు, కింద నిలబడింది.

"అల్లుడా, ఒక మాటడగొచ్చేటి?"

"అడుగత్తా."

"ఆయన నీ మీదున్నప్పుడు నీకేటైనా కనిపించినాదా?"

"కనిపించినాది" అన్నాను. ఎందుకన్నానో.

"అయితే ఏ సెట్టు కింద తిన్నానో సెప్పు. నా పెరట్లో సెట్టు కాదు, దానికి ఈయేడు పూతే నేదు. ఐదార్రోజుల్నించి తలకాయ బద్దలు కొట్టుకుంతన్నాను, గురుతు రావట్నేదు. ఆ సెట్టుకాడికెల్లి దండమెట్టుకోవాల. ఏ సెట్టో తెలకపోతే ఎక్కడెట్టను దండం?"

కింద నిలబడి తల పైకెత్తి నా మొహంలోకి చూస్తోంది. నన్ను అనుమానించే చూపు కాదు. దారి తప్పిన మనిషి దారి అడిగే చూపు. అక్కడ ఎవరూ లేరు. గుంపు లేదు, చచ్చిన ఎడ్లు లేవు, ఊరి పెద్దలు లేరు. నా ముందు ఒక్క మనిషి ఉంది, ఆమె అడిగింది ఒక్క మాట. నేనే తిన్నాను అత్తా. మూడు ముక్కలు. అది చెప్పడానికి దేవుడు అక్కర్లేదు, ఊగక్కర్లేదు, గొంతు మార్చక్కర్లేదు.

"గెడ్డ మలుపు మామిడి" అన్నాను.

చెట్టు మాత్రం నిజమే చెప్పాను. కొండ నిండా చెట్లుంటే ఆ చెట్టే ఎందుకు చెప్పాను? అబద్ధంలో ఒక్క నిజమైనా కలిపితే కాస్త బరువు తగ్గుతుందనుకున్నానేమో. లేకపోతే ఆమె నా బదులు ఆ చెట్టుకి దండం పెడితే నా తప్పు తీరిపోతుందని ఏ మూలో ఆశపడ్డానేమో. ఈ రెండోదే నిజమైతే, నేను అప్పటిదాకా అనుకున్నంత మంచివాణ్నీ కాదు, అనుకున్నంత ధైర్యస్థుణ్నీ కాదు. దేవుడంటే నాకు భయం ఉంది. ఆ భయాన్ని కూడా ఆమె చేతే మోయించాను.

సోంబారత్త గెడ్డ వైపు తిరిగి చూసింది.

"గెడ్డకాడికెల్లిన గురుతే నేదురా. సరే, ఆయన సూసినాడు కదా. మరి ఉప్పో? ఉప్పు నేకుండా పులుపు నా పల్లకి ఆనదు. నానెప్పుడూ ఉప్పు కట్టుకుని ఎల్లను. ఉప్పెక్కడిదో సెప్పినాడేటి?"

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"అంత ఇవరం సెప్పనేదత్తా."

"సెప్పడులే" అని నవ్వింది. తన మీద తనే నవ్వుకుంది. "ఆయనకి ఉప్పుతో పనేటి." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "నువ్ మంచోడివిరా. మరొకడైతే ఈపాటికి నన్ను ఎక్కిరించి సంపీసీవోడు."

వెళ్లిపోయింది. వెదురు చీల్చడం పూర్తి చేశాను. బుట్ట కూడా అల్లాను. ఆ బుట్ట మా ఇంట్లో చాలా ఏళ్లు ఉంది.

మరుసటి ఏడు ఊరు ఆమెని పిలిచింది. తప్పు తీరిపోయింది, నీ విత్తనాలు తెచ్చి కలుపు అన్నారు. ఆమె రానంది. గురుతు లేకుండా ఒక తప్పు చేస్తే, గురుతు లేనివి ఇంకెన్ని చేశానో, నా గింజ మీ గింజల్లో కలిసి మీ పంట చెడితే ఎవరిది పాపం అంది. ఎంత చెప్పినా వినలేదు. అప్పట్నించి ప్రతి ఇటుకల పండగకీ తన విత్తనాల బుట్ట తెచ్చుకుంటుంది. రాళ్ల వరసకి బయట కూర్చుంటుంది. లోపలికి రాదు. పూజయ్యాక తన గింజలు తనే తీసుకుని వెళ్లిపోతుంది. ధింసా వరసలోకి మళ్లీ రాలేదు. మామిడికాయ మళ్లీ నోట పెట్టలేదు. పండగ ముందు ఒకరోజు గెడ్డ మలుపుకి వెళ్లి, చెట్టు మొదట్లో ఒక కాయ పెట్టి, పక్కన ఆకులో చిటికెడు ఉప్పు పెట్టి వస్తుంది.

ఆ ఉప్పు సంగతి చూసి వచ్చి నాకు చెప్పింది మా ఆవిడ. పాపం ఎంత అమాయకురాలో చూడు అంది. నేను ఏదో జోకు వేశాను. ఏం జోకో గుర్తు లేదు.

గురుమాయి ఆ తర్వాత రెండేళ్లు బతికింది. మంచం పట్టాక ఒకసారి నన్ను పిలిపించింది. అప్పటికే ఊళ్లో సగంమంది ఆమెని మానేసి నా దగ్గరికి వస్తున్నారు. నన్ను తలగడ వైపు కూర్చోబెట్టుకుంది.

"నలబై ఏల్లు మోసినాన్రా ఆయన్ని" అంది. "ఆయనేటో నాకు తెల్దు. ఏటి కాడో కూడా తెల్దు. నీకు రెండేల్లకే మొత్తం తెలిసిపోనాదేటి?"

ఆమెకి నా సంగతి తెలుసా? తెలిస్తే ఊరికి ఎందుకు చెప్పలేదు? చాలా ఏళ్లు ఇదే ఆలోచించాను. ఇప్పుడు అనిపిస్తోంది, నాలోకి దేవుడు రాలేదని ఖాయంగా చెప్పడానికి కూడా ఆమెకి మనసొప్పలేదేమో. తెలియనిదాన్ని తెలియదనే ఉంచేసి వెళ్లిపోయింది. ఆమె ముందు కూర్చున్న నేను మాత్రం "నీ దగ్గరే నేర్చుకున్నాను కదే అవ్వా" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. నా జోకుకి ఆమె నవ్వకపోవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆమె పోయాక నాకు దారి మూసుకుపోయింది. తప్పిపోయిన మేకల్ని అడగడానికి వస్తారు. సంబంధం కుదుర్చుకోవాలా వద్దా అని వస్తారు. విశాఖ కూలికి వెళ్లాలా ఉండాలా అని వస్తారు. ఆదివారం చర్చికి వెళ్లే ఇంటివాళ్లు కూడా సోమవారం పెరటి దారిన వస్తారు. అందరికీ చెబుతాను. ఎలా చెబుతానంటే, వచ్చిన మనిషి ఏ మాట వినడానికి వచ్చాడో అతని మొహంలోనే రాసి ఉంటుంది, దాన్ని చదివి, గొంతు మార్చి, అతనికే తిరిగి ఇచ్చేస్తాను. కార్లు ఆపడానికి చేసే పనే. దేవుడి గురించి నాకు ఇసుమంత తెలియదు. మనుషుల మొహాల గురించి చాలా తెలుసు. జనం ఆ రెండూ ఒకటే అనుకుంటారు.

మానేయొచ్చు కదా అంటారు మీరు. ప్రయత్నించాను. ఒకసారి ఎరగను అన్నాను, గురుమాయి అన్నట్టే. జనం లేవలేదు. దేవుడికి కోపం వచ్చిందనుకుని కోడిని తెచ్చారు. దానికీ ఎరగను అన్నాను. ఇంకో కోడిని తెచ్చారు. చివరికి ఆ కోళ్లని చూడలేక ఏదో ఒకటి చెప్పి పంపాను. ఇంకోసారి సంతలో, నలుగురి మధ్య, పట్టపగలు అనేశాను. ఆ మామిడికాయలు తిన్నది నేనేరా అని.  అందరూ పగలబడి నవ్వారు. ఒకడికి కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. "దేవుడి మీద కూడా ఏసీసినావురా నువ్వు" అన్నాడు. పద్దెనిమిదేళ్ల కిందట నేను ఎక్కడ ఏ జోకు వేద్దామనుకున్నానో అక్కడే అదే జోకు వేశాను. ఊహించినంతా నవ్వారు.

మొదటి అబద్ధం గొంతు మార్చి చెప్పాను, నమ్మారు. నిజం నా గొంతుతో చెప్పాను, నమ్మలేదు. ఇక నేను ఏ గొంతుతో మాట్లాడాలి?

కొన్నిసార్లు ఇంకో దారి కనిపిస్తుంది. ఆ రోజు నిజంగానే దేవుడు వచ్చి ఉంటే? వణుకు నాది కాకపోతే? అప్పుడు నా తప్పేం లేదు కదా. ఈ ఆలోచన ఎంత మెత్తగా ఉంటుందో మీకు చెప్పలేను, పడుకుంటే నిద్ర పట్టేంత మెత్తగా ఉంటుంది. కానీ ఆయనే వచ్చి ఉంటే నా పేరు చెప్పేవాడు. పోనీ పిడుగు సంగతేమిటి? నా మామిడికాయకే ఆ పిడుగు పడిందంటే, ఆయన నన్ను వదిలి నోరులేని ఎడ్లని ఎందుకు కొట్టాడు? దానికీ దీనికీ సంబంధమే లేదంటే, సోంబారత్తని కొట్టింది పూర్తిగా నేనే, అందులో ఆయనకి వాటా లేదు. ఎటు వెళ్లినా చివర నాకు నేనే ఎదురొస్తున్నాను.

ఈ ఏడు పండగ ముందు రోజు గెడ్డ మలుపుకి వెళ్లి కూర్చున్నాను. ఆమె వస్తుందని తెలుసు. పొద్దెక్కాక వచ్చింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నేను లేచి నిలబడి, జోకు లేకుండా, గొంతు మార్చకుండా, మొత్తం చెప్పాను. అడ్డాకులు, రెండు కాయలు, వణుకు, ఒంటి గడప. చెబుతున్నంతసేపూ ఆమె చెట్టు వైపే చూస్తోంది. అయిపోయాక నా వైపు తిరిగింది.

"ఆ దినం ఆయన నీ నోటితో సెప్పినాడన్నారు. నమ్మినాను" అంది. "ఇయ్యేల అదే నోటితో నువ్ సెప్తన్నావు. ఏది నమ్మాలో నానెరగను అల్లుడా."

"ఆయన రానేదత్తా. నానే."

"వొచ్చినాడో రానేదో నీకు మాత్రం ఏటి తెలుసు."

కోపంగా అనలేదు. జాలిగానూ అనలేదు. వంగి, కాయ పెట్టింది. ఆకులో ఉప్పు పెట్టింది. లేవడానికి చెయ్యి అందించాను. చూడలేదో, చూసీ వద్దనుకుందో, కర్ర మీదే లేచి నాకన్నా ముందు నడిచి వెళ్లిపోయింది.

మర్నాడు పండగ. నా విత్తనాల బుట్ట తీసుకుని రాళ్ల వరసకి బయట, ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె కొంచెం జరిగింది. నాకు చోటిచ్చిందో, నాకు దూరం జరిగిందో తెలియలేదు. లోపలున్నవాళ్లు నన్ను చూసి నవ్వారు. కొత్త వేషం అనుకున్నారు. "బేగి రారా, ఆయనొచ్చే ఏల అయిపోనాది" అని పిలిచారు. నేను లేవలేదు. ఎరగను అన్నాను. ఈ మాట ఇంతకు ముందు కోళ్ల మధ్య అన్నప్పుడు గురుమాయిది అరువు తెచ్చుకున్నట్టు ఉంది. ఈసారి నాదే అనిపించింది. వాళ్లు నవ్వడం ఆపి, ఎదురుచూడటం మొదలుపెట్టారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. నిన్న కూడా ఒకతను కోడిని తెచ్చి మా అరుగు మీద కట్టేసి వెళ్లాడు. నేను ఇది రాస్తుంటే అది నన్నే చూస్తోంది.

మీరు నన్ను ఏం చేయలేరు. క్షమించడానికి ఆమె కారు, శిక్షించడానికి ఆయన కారు. అయినా మీకు చెప్పాక నోరు కొంచెం కదులుతోంది. ఒక్క మాట మిగిలింది. అది సోంబారత్త పద్దెనిమిదేళ్ల కిందట మా అరుగు కింద నిలబడి అడిగింది. గెడ్డ మలుపులో మొత్తం చెప్పాననుకున్నాను, కానీ ఆమె అడిగిన ఆ ఒక్కదానికి అప్పుడూ జవాబు చెప్పలేదు.

ఉప్పు నా జేబులోది అత్తా.